ఒరుగుల పులుసు, ముద్దపప్పు: ఎండు కూరగాయలతో నలుగురికి రాత్రి భోజనం

గరిటెతిప్పు:
వంకాయ ఒరుగులు, గోరుచిక్కుడు ఒరుగులు, టమాటా ఒరుగులు ఇంట్లో ఉన్నాయి. పచ్చి కూరగాయ ఒక్కటి కూడా కొనకుండా, ఉల్లిపాయ మినహా, నలుగురికి కడుపునిండా రాత్రి భోజనం కావాలి: వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి, పులుసు. మూడు సందేహాలు. ఎన్ని గ్రాముల ఒరుగులు పావు కిలో పచ్చి కూరకు సమానం? పులుసులో అరగంట మరిగినా గోరుచిక్కుడు నారలాగే ఎందుకు ఉంటుంది? ఉప్పు ప్రతిసారీ ఎందుకు ఎక్కువవుతుంది? దయచేసి కొలతలతో చెప్పండి.

పెద్దమూకుడు:
మీ రెండో సందేహానికి జవాబు మీ ప్రశ్నలోనే ఉందండి. "పులుసులో" మరిగించడమే తప్పు. ఒరుగు ముందు మంచినీళ్ళలో మెత్తబడాలి, ఆ తర్వాతే చింతపండు చూడాలి. ఈ వరుస మారితే గంట మరిగించినా ఫలితం ఉండదు.

నలుగురికి ఇలా చేయండి.

వంకాయ ఒరుగులు 40 గ్రాములు, గోరుచిక్కుడు ఒరుగులు 25 గ్రాములు. రెండింటినీ వేరువేరు గిన్నెల్లోనే నానబెట్టాలి, కలపొద్దు. ముందు చల్లటి నీళ్ళలో రెండుసార్లు గబగబా జాడించి ఆ నీళ్ళు పారబోయండి. మిద్దె మీద ఎండినవాటికి దుమ్ము తప్పదు. తర్వాత గోరుచిక్కుడు మీద 200 మి.లీ. మరిగే నీళ్ళు పోసి మూతపెట్టి గంటసేపు ఉంచండి. వంకాయ మీద 400 మి.లీ. వేడినీళ్ళు, పొయ్యి మీంచి దించి రెండు నిమిషాలు ఆగినవి, పోస్తే 20 నుంచి 25 నిమిషాలు చాలు. అందుకని వంకాయను గోరుచిక్కుడు కంటే అరగంట ఆలస్యంగా నానేయండి. ముక్కలు నీళ్ళ మీద తేలతాయి, పైన చిన్న పళ్ళెం బోర్లించి మునిగేలా చూడాలి. తేలిన ముక్క పైసగం ఎండుగానే మిగులుతుంది.

ఈలోగా చింతపండు 30 గ్రాములు 250 మి.లీ. వేడినీళ్ళలో వేయండి.

మందపాటి గిన్నెలో మూడు టేబుల్ స్పూన్ల నువ్వుల నూనె, లేదంటే వేరుశనగ నూనె. మెంతులు పావు టీ స్పూను, అవి ఎర్రబడ్డాక ఆవాలు, జీలకర్ర, మూడు ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకు. రెండు పెద్ద ఉల్లిపాయలు నాలుగేసి చీలికలుగా కోసి వేసి అంచులు మెత్తబడేదాకా మగ్గించండి. ఇప్పుడు గోరుచిక్కుడు ముక్కలు, అవి నానిన నీళ్ళు, ఇంకో 300 మి.లీ. మంచినీళ్ళు, అర టీ స్పూను పసుపు. మూతపెట్టి సన్నసెగ మీద 15 నిమిషాలు. ఒక ముక్క తీసి గోటితో నొక్కితే తెగాలి. తెగకపోతే ఇంకో ఐదు నిమిషాలు. తెగేదాకా ముందుకు వెళ్ళొద్దు, వంటంతా ఇక్కడే ఉంది.

తెగిందా? వంకాయ ముక్కలు వాటి నీళ్ళతో సహా వేసి ఐదారు నిమిషాలు. అప్పుడు చింతపండు రసం, కారం రెండు టీ స్పూన్లు, ధనియాల పొడి ఒకటిన్నర టీ స్పూను, బెల్లం 15 గ్రాములు. పది నిమిషాలు మరగనిచ్చి రుచి చూసి అప్పుడు ఉప్పు. చివర రెండు టీ స్పూన్ల బియ్యప్పిండి అరకప్పు చల్లటి నీళ్ళలో కలిపి పోసి మూడు నిమిషాలు ఉడికించి దించండి. దించిన వెంటనే వడ్డించకండి. ఇరవై నిమిషాలు మూతపెట్టి వదిలితే వంకాయ పులుసును లోపలికి పీల్చుకుంటుంది.

ముద్దపప్పుకు కందిపప్పు 150 గ్రాములు, నీళ్ళు 400 మి.లీ., చిటికెడు పసుపు, కుక్కర్‌లో నాలుగు కూతలు. ఉప్పు మెదిపేటప్పుడు వేసుకోండి. పులుసులో ఉప్పు, పులుపు గట్టిగా ఉంటాయి కాబట్టి పప్పు చప్పగానే ఉండాలి.

రుచి_రసాయనం:
పులుపు సంగతి కాస్త వివరిస్తాను, ఎందుకంటే ఇది తెలిస్తే మిగతా కూరల్లో కూడా తప్పు జరగదు. కూరగాయ కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచేది పెక్టిన్ అనే జిగురు. వేడినీళ్ళలో అది కరిగితేనే ముక్క మెత్తబడుతుంది. చింతపండులో ఉన్న టార్టారిక్ ఆమ్లం చేరితే ఆ జిగురు కరగడం బాగా మందగిస్తుంది. పచ్చి కూరకైతే ఇది పెద్ద ఇబ్బంది కాదు, ఎందుకంటే అందులో నీళ్ళు ఇప్పటికే ఉన్నాయి. ఒరుగుకు రెండు పనులు కావాలి, నీళ్ళు పీల్చాలి, జిగురు కరగాలి. పులుపు ముందే పోస్తే రెండో పని ఆగిపోతుంది.

బోరు నీళ్ళు కూడా ఇదే పని చేస్తాయి. నీటిలోని కాల్షియం పెక్టిన్‌ను మరింత బిగిస్తుంది. కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కట్టే ఊళ్ళలో ఒరుగులను బోరు నీళ్ళలో నానబెట్టకండి, తాగే నీళ్ళే వాడండి. ఆ ఒక్క మార్పుతోనే పావుగంట తేడా వస్తుంది.

గోకరకాయ_పొరటు:
మా దిక్కు ఒరుగులను వరుగులంటం, గోరుచిక్కుడును గోకరకాయంటం. గోకరకాయ వరుగులు గట్టిగుంటయన్నది నిజమే, కానీ గంట నానవెట్టుడు ఎందుకు? కుక్కర్ల రెండు కూతలు పెడితే అయిపాయె. ఇంకోటి, పులుసుల బియ్యప్పిండి కన్న నువ్వుల పొడి మంచిగుంటది. 30 గ్రాముల నువ్వులు నూనె లేకుంట వేంచి, మెత్తగ దంచి, దించేముందు ఐదు నిమిషాల కింద వెయ్యిండ్రి. చిక్కదనం వస్తది, ఎండు కూరకు తక్కువైన కమ్మదనం గూడ వస్తది. అది వేస్తే బెల్లం సగం చాలు.

పెద్దమూకుడు:
నువ్వుల పొడి మాట నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. ఎండబెట్టినప్పుడు పోయే కమ్మదనాన్ని నువ్వులు కొంత తిరిగి తెస్తాయి. కుక్కర్ విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. నానకుండా నేరుగా కుక్కర్లో పెడితే ముక్క అంచులు పిప్పి అవుతాయి, నడుమ గట్టిగా ఉంటుంది. అరగంట నానేసి ఒక్క కూత పెడితే సరిపోతుంది. అది కూడా గోరుచిక్కుడుకే. వంకాయ ఒరుగుల్ని కుక్కర్లో పెడితే తోలు ఒకవైపు, గుజ్జు ఒకవైపు.

గోకరకాయ_పొరటు:
సరే అన్నా, అరగంట నానవెట్టి ఒక కూత. వంకాయ వరుగులు కుక్కర్ల పెట్టాల్నని నేనూ అంటలేను.

ఎండపొద్దు:
మొదటి సందేహానికి, ఉప్పు సందేహానికి నేను జవాబిస్తా. మా వైపు గోరుచిక్కుడునే మటిక్కాయ అంటాం, పేరు ఏదైనా లెక్క ఒకటే.

పచ్చి కూరలో ఉన్న నీటిని బట్టి ఒరుగు బరువు వస్తుంది. వంకాయలో నీళ్ళు 92 శాతం దాకా ఉంటాయి. తొడిమలు తీశాక కిలోకు 70 నుంచి 80 గ్రాముల ఒరుగులు మిగులుతాయి. టమాటా ఇంకా నీళ్ళది, కిలోకు 55 నుంచి 65. బెండ కిలోకు 100కు కొంచెం అటూఇటూ. మటిక్కాయలో నీళ్ళు 81 శాతమే, అందుకే కిలోకు 180 నుంచి 200 గ్రాములు వస్తాయి. కాబట్టి పావు కిలో వంకాయకు 20 గ్రాములు, పావు కిలో మటిక్కాయకు 45 నుంచి 50 గ్రాములు. రెండింటికీ ఒకే గుప్పెడు లెక్క వేస్తే పులుసంతా వంకాయే అవుతుంది.

నానాక అంతా తిరిగి రాదు. వంకాయ నాలుగైదు రెట్లు బరువెక్కుతుంది, మటిక్కాయ మూడు రెట్లలోపే. పచ్చిదాని బరువు వచ్చేదాకా నానబెడతామంటే ముక్క చీకిపోతుంది తప్ప నిండదు.

ఇక ఉప్పు. చాలామంది కిలో వంకాయకు 20 గ్రాముల ఉప్పు పట్టించి ఎండబెడతారు. నీళ్ళు పోతాయి, ఉప్పు పోదు. ఎండాక ఉప్పుతో కలిపి 95 నుంచి 100 గ్రాములు తూగుతుంది. అంటే మీ 40 గ్రాముల ఒరుగుల్లో దాదాపు 8 గ్రాముల ఉప్పు, ఒకటిన్నర టీ స్పూను, ముందే ఉంది. లీటరు పులుసుకు పట్టే ఉప్పే 10, 12 గ్రాములు. మీరు మామూలుగా రెండు టీ స్పూన్లు వేస్తే ఉప్పుకషాయం కాక ఏమవుతుంది! ఉప్పు పట్టించిన ఒరుగులైతే పులుసుకు అర టీ స్పూనుతో మొదలుపెట్టి చివర రుచి చూసి వేయండి. కొన్న ఒరుగులైతే ఒక ముక్క నాలుక మీద పెట్టి చూడండి, ఉప్పు ఉందో లేదో అక్కడే తెలుస్తుంది.

గరిటెతిప్పు:
ఎండపొద్దు గారూ, ఇవి ఉప్పు పట్టించినవే. నానిన నీళ్ళు పారబోస్తే ఉప్పు తగ్గుతుంది కదా?

ఎండపొద్దు:
తగ్గుతుంది, రుచి కూడా దాంతోనే పోతుంది. నీళ్ళు ఉంచండి, ఉప్పు తగ్గించండి. పారబోయాల్సినవి రెండే. కాకర ఒరుగుల నీళ్ళు, చేదు కాబట్టి. గంధకం పట్టించిన ప్యాకెట్ కూరల నీళ్ళు.

డల్లాస్_వంటిల్లు:
ఇక్కడ మిద్దె ఎండ లేదు, ప్యాకెట్లే దిక్కు. ఆ గంధకం మాట వివరిస్తాను. రంగు నిలవడానికి సల్ఫైట్ కలిపితే ప్యాకెట్ వెనక పదార్థాల జాబితాలో ఆ పేరు ఉంటుంది. ఇండియా ప్యాకెట్ల మీద, కలిపిన పదార్థాన్ని గుర్తించడానికి వేసే, 220 నుంచి 224 వరకు ఉండే ఐఎన్‌ఎస్ సంఖ్యలన్నీ ఈ జాతివే. ఉబ్బసం ఉన్నవాళ్ళలో కొందరికి ఇవి పడవు, ఇంట్లో అలాంటివాళ్ళుంటే కలపని ప్యాకెట్ ఎంచుకోవడం మంచిది. మిగతావాళ్ళు మొదటి నానుడు నీళ్ళు పారబోస్తే చాలు.

ప్యాకెట్లు రెండు రకాలు, ఈ తేడా గమనించక వంట పాడవుతుంది. వేడిగాలిలో ఎండినవి ముడుచుకుని, చిన్నవై, రాళ్ళలా ఉంటాయి. వీటికి మరిగే నీళ్ళలో 20 నుంచి 40 నిమిషాలు. గడ్డకట్టించి ఎండబెట్టినవి పచ్చికూర ఆకారంలోనే ఉండి, బొరుగుల్లా తేలిగ్గా, నొక్కితే పొడవుతాయి. వీటికి ఐదు నిమిషాలు కూడా అక్కర్లేదు. వీటిని పులుసులో మొదట్లో వేస్తే పేస్టు అవుతుంది, దించేముందు వేయాలి.

ప్యాకెట్ కూరలతో పులుసు కంటే సాంబారన్నం బాగా కుదురుతుంది. నలుగురికి బియ్యం 150 గ్రాములు, కందిపప్పు 100 గ్రాములు, క్యారెట్, బీన్స్, బఠాణీ కలిసిన ఎండు ముక్కలు 40 గ్రాములు. ముక్కలు ఐదు మిల్లీమీటర్ల లోపు ఉంటే నానబెట్టక్కర్లేదు. నీళ్ళు బియ్యం, పప్పులకు 1100 మి.లీ., ఎండు కూరకు దాని బరువుకు ఐదు రెట్లు, అంటే ఇంకో 200 మి.లీ. ఈ 200 మర్చిపోతే కూర అన్నం నీళ్ళు పీల్చేసి, అడుగు అంటి, పప్పు పలుకుగా మిగులుతుంది. ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్లో 12 నిమిషాలు, ఆవిరి దానంతట అదే తగ్గనివ్వాలి. తెరిచాక 20 గ్రాముల చింతపండు రసం, రెండు టేబుల్ స్పూన్ల సాంబారు పొడి, ఉప్పు వేసి ఏడెనిమిది నిమిషాలు ఉడికించి, నెయ్యిలో జీడిపప్పు, ఆవాలు, ఇంగువ తాలింపు.

ఒక హెచ్చరిక: బఠాణీ పేరుతో రెండు వస్తువులు దొరుకుతాయి. లేత బఠాణీని వేడినీళ్ళలో ముంచి ఎండబెట్టినది ముడతలు పడి ఉంటుంది, అరగంటలో నానుతుంది. నున్నగా గుండ్రంగా ఉండే ఎండు బఠాణీ పప్పుధాన్యం, దానికి ఏడెనిమిది గంటలు కావాలి. రెండోది సాంబారన్నంలో పడితే గులకరాళ్ళు నమిలినట్టే.

కందిచేను:
టమాటా ఒరుగుల గురించి ఎవరూ చెప్పలేదు. అవి పులుసులో వేస్తే చింతపండు తగ్గించాలి. 20 గ్రాముల టమాటా ఒరుగులంటే మూడొందల గ్రాముల పైన పచ్చి టమాటా, పులుపంతా అందులోనే ఉంది. చింతపండు 30 నుంచి 15 గ్రాములకు దించండి. టమాటా కూడా పులుపే కాబట్టి గోరుచిక్కుడు మెత్తబడ్డాకే వేయాలి.

ఇదే సూత్రం మామిడి ఒరుగుల పప్పుకు. కందిపప్పు 200 గ్రాములకు మామిడి ఒరుగులు 25 గ్రాములు, పులుపు తక్కువ రకమైతే 35. ఒరుగుల్ని పప్పుతో కలిపి కుక్కర్లో పెట్టేవాళ్ళు ఎక్కువ, అందుకే పప్పు మెదగదు. పప్పు విడిగా నాలుగు కూతలు ఉడికించి మెదపండి. ఒరుగులు 20 నిమిషాలు వేడినీళ్ళలో నానేసి, పచ్చిమిరపకాయలతో పది నిమిషాలు విడిగా ఉడికించి, అప్పుడు పప్పులో కలిపి ఐదు నిమిషాలు దగ్గరగా ఉడకనివ్వండి. వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు చితక్కొట్టి ఎండుమిర్చితో నెయ్యి తాలింపు. ఎండు చింతచిగురైతే నానబెట్టకుండా అరచేతుల మధ్య నలిపి, పుల్లలు ఏరి, ఉడికిన పప్పులో నేరుగా చల్లాలి, ఐదు నిమిషాల్లో విచ్చుకుంటుంది.

గరిటెతిప్పు:
చాలా ఉపయోగపడింది. ఇంకో రెండు. రాత్రంతా చల్లటి నీళ్ళలో నానబెడితే పని సులువు కాదా? చిటికెడు వంటసోడా వేస్తే?

రుచి_రసాయనం:
రెండూ వద్దంటాను.

ఎండబెట్టడం వల్ల సూక్ష్మజీవులు చావవు, నీళ్ళు లేక ఊరుకుంటాయి. మీరు నీళ్ళు పోసిన క్షణం నుంచి అవి మళ్ళీ పెరుగుతాయి. మన వేసవి రాత్రుల్లో గిన్నె బయట పెడితే తెల్లారేసరికి నురుగు, పుల్లటి వాసన వస్తాయి. రెండు గంటలు దాటి నానాలంటే ఫ్రిజ్‌లోనే. పైగా చల్లటి నీళ్ళను ముక్క నెమ్మదిగా పీలుస్తుంది కాబట్టి అంచులు చీకి, నడుమ అలాగే ఉంటుంది. వేడినీళ్ళకు ఆ ఇబ్బంది తక్కువ.

సోడా పులుపుకు వ్యతిరేకం, పెక్టిన్‌ను త్వరగా కరిగిస్తుంది, నిజం. కానీ ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. ముక్క పేస్టవుతుంది, సబ్బు రుచి వస్తుంది, బీ1 విటమిన్ పోతుంది. తర్వాత పోసే చింతపండును కూడా కొంత చంపేస్తుంది, అప్పుడు మీరు పులుపు పెంచుతారు. ఒరుగు సరిగ్గా ఎండి ఉంటే సోడా అవసరమే రాదు.

ఎండపొద్దు:
అదే అసలు మాట. గంట నాని, 25 నిమిషాలు ఉడికినా తెగని మటిక్కాయ ఒరుగు ఉందంటే తప్పు వంటలో లేదు, కాయలో గానీ ఎండబెట్టడంలో గానీ ఉంది. ముదురు కాయ అయితే ఏ నీళ్ళూ పనిచేయవు. గింజ ఉబ్బని లేత కాయనే ఎంచుకుని, ఈనెలు తీసి, మరిగే ఉప్పునీళ్ళలో మూడు నిమిషాలు ముంచి తీసి ఆరబెట్టాలి. ఈ ముంచుడు వల్ల రంగు, వాసన పాడుచేసే ఎంజైములు చస్తాయి, నానేటప్పుడు నీళ్ళు కూడా త్వరగా లోపలికి పోతాయి. చాలామంది ఈ మూడు నిమిషాలు దాటవేస్తారు, ఫలితమే ఆ నార. వంకాయకు ముంచుడు అక్కర్లేదు, అర సెంటీమీటరు మందం చక్రాలు కోసి వెంటనే పసుపు కలిపిన పల్చటి మజ్జిగలో వేస్తే నల్లబడవు.

యంత్రంలో ఎండబెట్టేవాళ్ళు 55 నుంచి 60 డిగ్రీలు దాటొద్దు. త్వరగా అవుతుందని మొదట్లోనే 75 పెడితే పైపొర కరుడుగట్టి లోపలి తేమను బయటికి రానివ్వదు. పైకి గలగలలాడుతుంది, నెల తిరిగేసరికి డబ్బాలో బూజు. ఎండలో అయితే పల్చటి గుడ్డ కప్పి రెండు మూడు రోజులు, పొద్దుగుంకేలోగా లోపలికి తేవాలి, మంచు తగిలితే పగలు పోయిన తేమ రాత్రి తిరిగి వస్తుంది. వంకాయ, మటిక్కాయ విరిస్తే టక్‌మనాలి. టమాటా మాత్రం విరగదు, తోలులా వంగి జిగురు లేకుండా ఉంటే చాలు.

డబ్బాలో పోసేముందు వారం రోజులు గాజు సీసాలో మూడొంతుల్లో రెండొంతులే నింపి రోజూ ఒకసారి ఊపి చూడండి. సీసా లోపల చెమ్మ కనిపిస్తే మళ్ళీ ఎండకు. బూజు కనిపిస్తే మాత్రం ఎండబెట్టి వాడుకుందామనుకోకండి, మొత్తం పారేయాలి, బూజు వదిలిన విషం ఎండకు పోదు.

గోకరకాయ_పొరటు:
పురుగు సంగతి గూడ చెప్పుండ్రి. వానకాలం వరుగులల్ల పురుగు పడుతది.

ఎండపొద్దు:
గాలి చొరని సంచిలో కట్టి ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచితే పురుగు, గుడ్లు చస్తాయి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకండి, గది వేడికి వచ్చేదాకా ఆగాలి, లేదంటే చల్లటి ముక్కల మీద నీరు పేరుకుంటుంది.

డల్లాస్_వంటిల్లు:
బెండ ఒరుగులకు ఇదే పద్ధతా పెద్దమూకుడు గారూ?

పెద్దమూకుడు:
కాదండి. బెండను నానబెట్టొద్దు, జిగురంతా గిన్నెలోకి వస్తుంది. కాగిన నూనెలో కాదు, గోరువెచ్చటి నూనెలో వేసి సన్నసెగ మీద నిమిషం తిప్పండి. కాగిన నూనెలో ఎండు ముక్క పది, పదిహేను సెకన్లలోనే మాడి చేదెక్కుతుంది. తీసి పక్కన పెట్టి, పులుసు మరిగాక చివరి ఎనిమిది నిమిషాలు వేయండి. దీనికొక్కదానికే పులుపు మేలు చేస్తుంది, జిగురును అణుస్తుంది.

గరిటెతిప్పు:
ఇప్పుడే అన్నీ కొలిచి పెట్టాను: ఉప్పు అర టీ స్పూనుతో మొదలు, టమాటా 20 గ్రాములు, చింతపండు 15. పులుసు మిగిలితే మర్నాటికి?

పెద్దమూకుడు:
ఫ్రిజ్‌లో పెట్టుకోండి. రాత్రంతా ఒరుగు ఇంకా పీలుస్తూనే ఉంటుంది, పొద్దున చూస్తే పులుసు కాదు కూరలా గట్టిపడి ఉంటుంది. చల్లటి నీళ్ళు కలపకండి, పిండి విరిగి పల్చబడుతుంది. ఒక కప్పు మరిగే నీళ్ళు పోసి ఐదు నిమిషాలు తెర్లనిచ్చి, ఉప్పు మళ్ళీ చూసుకోండి, ముక్కలో ఉన్నది రాత్రంతా పులుసులోకి దిగి ఉంటుంది.